కట్టడాన్ని పక్క గేటులోంచి చూపించకండి

ఎంతో దూరం వెళ్లి చూసినా కొన్ని గొప్ప కట్టడాలు "ఇంతేనా" అనిపిస్తాయి. నన్నడిగితే చాలాసార్లు లోపం కట్టడంలో ఉండదు, మనల్ని లోపలికి తోలిన దారిలో ఉంటుంది. టికెట్ కౌంటర్‌కి వీలుగా ఉందని పక్క గేటు తెరుస్తారు, పెద్ద గుమ్మానికి తాళం వేస్తారు. కట్టినవాడు వంద అడుగుల నడకలో కొంచెం కొంచెంగా చూపించాలనుకున్నదాన్ని నడిమధ్యలోంచి మొదలుపెడితే మనసుకేం అందుతుంది?

ఎత్తు తెలిసేది పోలికలోనే. 3 మీటర్ల కప్పున్న గదిలోకి, చెయ్యెత్తితే తగిలే వసారాలోంచి వస్తే గుండె విచ్చుకుంటుంది. అదే గదిలోకి 8 మీటర్ల లాబీలోంచి వస్తే నెత్తిమీద మూత పెట్టినట్టుంటుంది. అమెరికా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన చాలా ఇళ్ల కిటుకు ఇదే. రోమ్‌లోని పాంథియన్ అనే పురాతన ఆలయానికి ఉన్న బోర్లించిన గిన్నెలాంటి గోపురం లోపలి వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి నడినెత్తిన ఉన్న కంత దాకా ఎత్తూ అంతే. కానీ ముందు మండపంలో ఆ లావుపాటి రాతి స్తంభాల నీడలోంచి నడిచి వస్తేనే ఆ కొలత ఒంటికి తగులుతుంది. లోపల గోడవారగా పది నిమిషాలు కదలకుండా నిలబడండి. కంతలోంచి పడే ఎండ బిళ్ల గోడమీద జరుగుతూ కనిపిస్తుంది. వానా అందులోంచే పడుతుంది, అందుకే నేల కాస్త ఉబ్బుగా ఉండి, నీళ్లు దిగడానికి చిల్లులుంటాయి.

దక్షిణాది పెద్ద గుళ్లది దీనికి ఎదురు లెక్క. రాజగోపురం దాటి లోపలికి పోయేకొద్దీ కప్పు దిగుతుంది, వెలుతురు తరుగుతుంది, చివరికి గర్భగుడిలో దీపమొక్కటే. ఎండలోంచి వచ్చిన కంటికి చీకటి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి. ఆ పని మెల్లగా చేసిపెట్టేవి మండపాలే. అలాంటి మండపంలో 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె పెరిగేకొద్దీ తెల్లబడుతుంది) తెల్లటి ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్ బిగిస్తారు! కంటిపాప ముడుచుకుపోతుంది. గర్భగుడి నల్లటి గుంతలా కనిపిస్తుంది. మూర్తి కనబడట్లేదని అక్కడా ఇంకో లైటు వేస్తారు. ఇక స్తంభాల మీది శిల్పాలకి లైటు ఎదురుగా పడితే నీడలు చెరిగిపోయి చెక్కడమంతా చదునైపోతుంది. 2700 కెల్విన్ వెచ్చటి బల్బు, కంటికి కనబడకుండా స్తంభం మొదట్లో పెట్టి, వెలుగు పక్కనుంచి రాసుకుంటూ పైకి పోయేలా చేస్తే చాలు. లోపలికి వెళ్లేకొద్దీ వెలుగు తగ్గించుకుంటూ పోవాలి. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు, బల్బులు బిగించేముందు ఆ దారిన ఒకసారి నడిచి చూసినవాళ్లుంటే సరిపోతుంది.

చెవినీ ఎవరూ పట్టించుకోరు. ఇస్తాంబుల్‌లో చర్చిగా కట్టిన, 537లో పూర్తయిన హాగియా సోఫియాలో ఒక స్వరం 10 సెకన్లకు పైగా మోగుతుంది, కీర్తనకి అది ప్రాణం. మాట తేటగా వినపడాలంటే మాత్రం అది సుమారు ఒక సెకనులో అణగాలి. గాజు, గ్రానైట్, స్టీలుతో నింపిన ఎయిర్‌పోర్ట్ హాల్లో అనౌన్స్‌మెంట్ ముద్దముద్దగా వినిపించేది అందుకే. వాల్యూమ్ పెంచితే ఇంకా చెడుతుంది, ఎందుకంటే ముందు అక్షరం గాల్లోంచి పోకముందే తర్వాతది దానిమీద పడుతుంది. కప్పుకి శబ్దాన్ని పీల్చే పలకలు, మనుషులకి దగ్గరగా తక్కువ వాల్యూమ్‌తో ఎక్కువ స్పీకర్లు ఉండాలి. రైలో విమానమో తప్పిపోతుందన్న ఆదుర్దాలో సగం ఈ అర్థంకాని మాటల వల్లే. తక్కిన సగం దారి తెలియక. మాడ్రిడ్ బరాహస్ ఎయిర్‌పోర్ట్ నాలుగో టెర్మినల్‌లో ఆ పొడవునా స్తంభాల రంగు క్రమంగా మారుతూ పోతుంది. బోర్డు చదవకపోయినా ఎంత దూరం వచ్చామో రంగే చెబుతుంది.

మెట్ల సంగతీ అంతే. రెండు మెట్ల ఎత్తు, ఒక మెట్టు మీద పాదం పెట్టే వెడల్పు కలిపితే 60 నుంచి 64 సెంటీమీటర్లు రావాలన్నది 17వ శతాబ్దపు ఫ్రెంచి ఆర్కిటెక్ట్ బ్లాండెల్ కాలం నుంచి ఉన్న లెక్క. 15 ఎత్తు, 32 వెడల్పు అయితే కాలు దానంతటదే పోతుంది, చూపు గోడలమీదికి వెళ్తుంది. పాత రాతి మెట్ల మీద చెక్క పరిచినప్పుడు మొదటి మెట్టు, చివరి మెట్టు ఎత్తు మారిపోయి అక్కడే కాలు తడబడుతుంది. ఒకసారి తడబడ్డాక ఇక కట్టడాన్ని చూసేదెవరు, అందరి కళ్లూ పాదాల మీదే.

టికెట్లు పక్క గేటు దగ్గరే ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి. మనుషుల్ని మాత్రం గోడ చుట్టూ నడిపించి పెద్ద గుమ్మంలోంచే పంపండి. బయటికి వచ్చేటప్పుడు ఎటునుంచి వచ్చినా పరవాలేదు.