బొమ్మలో లేనిది ఎవరు?

నడుస్తూ నడుస్తూ ఆగిన ఒక అమ్మాయి. ఒక చేయి చెలి భుజం మీద, రెండోది వెనక్కి ఎత్తిన పాదం దగ్గర. ముల్లు తీసుకుంటున్నట్టే ఉంటుంది గానీ చూపు మాత్రం పాదం మీద లేదు. వెనక్కి తిరిగి, పటం చట్రం దాటి ఎటో పోయింది. రాజా రవివర్మ గీసిన శకుంతల ఇది. అసలు చిత్రం తిరువనంతపురంలో ఉంది. అచ్చుబొమ్మగా, క్యాలెండర్‌గా మన ఇళ్లలోకీ ఎప్పుడో వచ్చేసింది.

దీన్ని ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించి, 'ఏం కనిపిస్తోంది?' అని కాకుండా 'ఇందులో లేనిది ఎవరు?' అని అడగాలని నా అభిప్రాయం. ఆమె చూస్తున్న వైపు ఎవరో ఉన్నారని పసిగట్టడానికి సంస్కృతం రానక్కరలేదు. దుష్యంతుడి బొమ్మ గీయకుండానే రవివర్మ అతన్ని అక్కడ నిలబెట్టాడు.

నాటకం పుస్తకం తెరవాల్సింది అప్పుడే. అభిజ్ఞాన శాకుంతలం మొదటి అంకం చివర శకుంతల, కాలికి దర్భమొన గుచ్చుకుందనీ, నారచీర కొమ్మకు తగులుకుందనీ చెలులతో చెప్పి ఆగుతుంది. రెండో అంకంలో రాజు ఇదే ఘట్టాన్ని విదూషకుడికి చెప్పుకుంటాడు. నాలుగడుగులు వేసి ఉన్నట్టుండి ఆగిందట, కొమ్మకు చిక్కుకోకపోయినా నారచీరను విడిపించుకుంటున్నట్టు ఇటు తిరిగిందట. ఆ మాట నిజమా, ప్రేమలో పడ్డవాడి ఊహా? దర్భ నిజంగా గుచ్చుకుందా? ఒకే క్షణాన్ని కాళిదాసు ఇద్దరి నోట రెండు రకాలుగా పలికించాడు. ఎవరిని నమ్మాలో తరగతిలో పిల్లలు వాదించుకోనివ్వండి. బొమ్మలో నారచీర బదులు మామూలు చీర ఎందుకుందని కూడా వాళ్లే అడుగుతారు. ప్రతిపదార్థం, తాత్పర్యం ఆ తర్వాత చెప్పినా నష్టం లేదు. దృశ్యకావ్యాన్ని కంటికి దూరంగా ఉంచి, మార్కుల కోసం వల్లె వేయించడమే నాకు బాధ కలిగించే సంగతి.

ఒక అభ్యంతరం ఉంది. బొమ్మ ముందే చూపిస్తే పిల్లల మనసులో ఆ ముఖమే ముద్రపడిపోతుందనీ, సొంత ఊహకు చోటుండదనీ అంటారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. శకుంతల అనగానే మనలో చాలామందికి రవివర్మ బొమ్మే గుర్తొస్తుంది. అందుకే ఉన్నదాని గురించి కాక, లేనిదాని గురించి అడగమంటున్నాను. చిత్రకారుడు వదిలేసిన చోటును నింపాల్సింది పిల్లలే.

లండన్‌లోని టేట్ బ్రిటన్ చిత్రశాలలో ఆంగ్ల చిత్రకారుడు మిలే 1851–52లో గీసిన ఒఫీలియా చిత్రం ఉంది. వాగునీటిలో వెల్లకిలా తేలుతున్న అమ్మాయి, చుట్టూ పూలు. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో ఒఫీలియా నీట మునిగి చనిపోయే ఈ దృశ్యం రంగస్థలం మీద జరగదు. నాలుగో అంకంలో రాణి గెర్‌ట్రూడ్ వచ్చి చెబితేనే మనకు తెలుస్తుంది. చెప్పిన ఆ రాణి బొమ్మలో లేదు. ఒక్కో పువ్వునూ పేరు పెట్టి వర్ణించగలిగినంత దగ్గరగా ఎవరైనా చూసి ఉంటే, ఆ పిల్లను ఒడ్డుకు ఎందుకు లాగలేదు? పన్నెండేళ్ల పిల్లకైనా తట్టే ఈ ప్రశ్నతో నాటకం మొత్తం తెరుచుకుంటుంది.

మనకు లండన్ దూరమే కావచ్చు, హైదరాబాద్ దూరం కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే దుంగలో చెక్కిన రెండు ముఖాల శిల్పం ఉంది. ముందు వైపు గర్వంగా తలెత్తి నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం. వెనక ఉన్న అద్దంలోకి చూస్తే, ప్రార్థన పుస్తకం పట్టుకుని తల వంచుకున్న మార్గరెట్టా. ఇద్దరూ జర్మన్ కవి గొయితే రాసిన ఫౌస్ట్ నాటకంలోని వాళ్లు. ఆ దెయ్యంతో ఒప్పందం చేసుకుని, ఈ అమ్మాయి బతుకును బుగ్గి చేసిన ఫౌస్ట్ మాత్రం ఆ చెక్కలో ఎక్కడా లేడు. విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలను గంటలు కొట్టే గడియారం దగ్గరికి తీసుకెళ్లే ముందు, ఆ శిల్పం దగ్గర ఒక్క ఐదు నిమిషాలు ఆపి, అతను ఎక్కడున్నాడో వెతకమనండి.