సవరణ: భిక్షాటన నిషేధం, ఇల్లు లేనివాళ్లు

"2017లో హైదరాబాద్‌లో ఇల్లు లేనివాళ్లను నిషేధించారు" అని మొన్నటి పోస్టులో ఉన్న వాక్యాన్ని ఇలా మార్చి చదవండి: ఆ ఏడాది నవంబరులో పోలీసులు 144 సెక్షన్ కింద రెండు నెలలపాటు నిషేధించింది రోడ్ల మీద భిక్షాటనను. ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు వచ్చిన ఆదేశమది. దొరికినవాళ్లను చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు పంపారు.

ఈ తేడా చిన్నది కాదు. రాత్రిపూట ఏ పెద్దాస్పత్రి బయటైనా చూడండి. రిపోర్టుల కవరు తలకింద పెట్టుకుని పడుకున్న మనిషి లోపలున్న రోగికి తోడొచ్చినవాడు. తాపీ, సుత్తి గోనెసంచిలో చుట్టి పక్కన పెట్టుకున్నాయన తెల్లారకముందే లేబర్ అడ్డాకు పోవాలి. వీళ్లు ఎవరి ముందూ చెయ్యి చాచడం లేదు. అయినా మనం అందరినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

షెల్టర్లున్నాయిగా, అక్కడికెందుకు పోరని కొందరు అడిగారు. పట్టణ పేదల కోసం కేంద్రం పెట్టిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో, లక్ష జనాభాకు కనీసం 100 మందికి షెల్టర్లలో చోటుండాలని ఉండేది, మనిషికి 50 చదరపు అడుగులు చొప్పున. కానీ షెల్టరు అడ్డాకు దూరమైతే పొద్దున బస్సు దొరికేలోపు ఆ రోజు పని వేరేవాళ్లకు పోతుంది. కూలి పోగొట్టుకుని ఎవరు పోతారు?