పెదనాన్న కాంటెస్సా, పెళ్ళికొడుకు కాళ్ళు

తొంభైల మొదట్లో మా చుట్టాల్లో కార్లు రెండే రకాలు. ఒకటి పెదనాన్న కాంటెస్సా, రెండోది మిగతావన్నీ. మావయ్య మారుతి 800 కొన్నరోజున పెదనాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అగ్గిపెట్టె బావుంది బావా, పుల్లలేవీ?" అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటలు అంతంతమాత్రం.

కాంటెస్సా వంశచరిత్ర పెదనాన్న నోటే వినాలి. అసలుది 1972 నాటి ఇంగ్లండు కారు, వాక్స్‌హాల్ విక్టర్. హిందుస్థాన్ మోటార్స్ ఆ డిజైన్ తెచ్చుకుని 1984లో ఇక్కడ మొదలుపెట్టింది. మొదట్లో ఒళ్ళు దొరది, ఇంజను మాత్రం మన అంబాసిడర్‌ది. ఆ మాట ఎవరైనా ఎత్తారో, "మాది కాంటెస్సా క్లాసిక్ అండీ! జపాను ఇసుజు ఇంజను, 1.8 లీటర్లు, అయిదు గేర్లు" అని వేళ్ళు విప్పి చూపించేవాడు. ఆ అయిదో గేరు పడాలంటే హైవే ఎక్కాలి. ఆయన ఎక్కువగా వెళ్ళేది వీధి చివరి పాలకేంద్రానికి.

బాబాయిగారి అబ్బాయి పెళ్ళి కోనసీమలో. విడిది నుంచి పెళ్ళిపందిరి దాకా పెళ్ళికొడుకుని తీసుకెళ్ళే బాధ్యత, అడక్కుండానే, కాంటెస్సా మీద పడింది. బంతిపూల దండలు కట్టారు. వెనక సీట్లో పెళ్ళికొడుకు, అత్తయ్య, పిన్ని, సందుల్లో పిల్లలు. ముందు సీట్లో తాతయ్య. డిక్కీలో సారె, అరటిగెలలు, ఇంకా చోటు మిగిలింది.

సందు మొదట్లోనే ఆడపెళ్ళివారు, "ఇక్కడ దిగిపోండి బావగారూ, నాలుగడుగులే" అని చేతులు జోడించారు. "గుమ్మం ముందు దింపనిదానికి కాంటెస్సా ఎందుకండీ?" అంటూ పెదనాన్న లోపలికి పోనిచ్చాడు. కారు పొడవు 15 అడుగులు. దానికి సందుతో పేచీ లేదు. పేచీ వెడల్పు దగ్గర వచ్చింది. ఒకవైపు రామాలయం గోడ, ఇంకోవైపు ఎవరిదో అరుగు. పెళ్ళి కోసం కొత్తగా వేసిన సున్నమంతా కుడివైపు తలుపులకి అంటుకుంది, బంతిపూలు గోడకి అంటుకున్నాయి. ఎటువైపు తలుపు తీసినా నాలుగువేళ్ళు పట్టేంతే సందు. ఎదురుగా గడ్డిబండి. వెనక బ్యాండుమేళం, దాని వెనక మావయ్య మారుతి.

"రివర్స్ చెయ్యరా" అన్నాడు తాతయ్య.

"పెళ్ళికొడుకుని ఎక్కించుకుని వెనక్కా? అపశకునం నాన్నా!"

ముహూర్తం టెన్షన్ అందరికీ పట్టుకుంది. పురోహితుడు పందిట్లోంచి గంట కొట్టినట్టు అరుస్తున్నాడు. చివరికి పెళ్ళికొడుకు ముందు సీటు మీదకి పాకి, తాతయ్య ఒళ్ళోంచి కిటికీ అద్దం దించుకుని, కాళ్ళు ముందు బయటపెట్టాడు. పట్టుపంచె లోపల గేరు లివరుకి పట్టుకుంది. బయట ఇద్దరు కాళ్ళు లాగుతుంటే, లోపల అత్తయ్య పంచె లాగుతోంది, మర్యాద నిలబెట్టడానికి. కాళ్ళు కనబడగానే వరుడు దిగాడనుకుని బ్యాండువాళ్ళు అందుకున్నారు. అవతల ఎదురుసన్నాహానికి నిలబడ్డ ముత్తైదువలు ఆ కాళ్ళకే అక్షింతలు వేశారు.

అత్తయ్య మాత్రం కిటికీలోంచి దిగనంది. బ్యాండువాళ్ళు వాయిద్యాలు అరుగు మీద పెట్టి, అందరూ కలిసి కారుని సందు బయటిదాకా వెనక్కి నెట్టారు. ఖాళీ అయిన సందులోకి మారుతి సుతారంగా వెళ్ళి, గుమ్మం ముందు ఆగింది. మావయ్య నాలుగు తలుపులూ బార్లా తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీశాడు.

పెళ్ళి ఆల్బం తెరవగానే మొదటి ఫొటో ఆ కాళ్ళదే. పెదనాన్నకి ఆ ఫొటోగ్రాఫరంటే ఇప్పటికీ మంట, అందులో కారు సగమే పడిందని.