‘తల్లికి వందనం’ బరువు ఇంటర్ వైపు జరగాలి

ఒకటో తరగతి పిల్లాడికి రూ.13,000. ఇంటర్ రెండో ఏడాది అమ్మాయికీ రూ.13,000. పిల్లల్ని చదివించే తల్లులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏటా డబ్బిచ్చే ‘తల్లికి వందనం’లో అసలు లోపం ఇక్కడే ఉంది. తల్లికి ఒక్క బిడ్డకే పరిమితమైన, అంతకుముందున్న ‘అమ్మఒడి’ పథకంతో పోలిస్తే, ఎంతమంది చదువుతుంటే అంతమందికీ ఇవ్వడం మంచి మార్పే. 2025 జూన్‌లో 67.27 లక్షల మంది విద్యార్థుల పేరిట రూ.8,745 కోట్లు తల్లుల ఖాతాలకు వెళ్లాయి. ఇంత డబ్బు పెడుతున్నప్పుడు చదువు ఎక్కడ తెగిపోతోందో చూసి అక్కడ ఎక్కువ పెట్టాలి. అది తెగేది ఒకటో తరగతిలో కాదు, పది అయ్యాక.

కారణం కూలి లెక్క. ఐదేళ్ల పిల్లాడు బడికి వెళ్తే ఇంటికి పోయేదేమీ లేదు. పదహారేళ్ల పిల్ల కాలేజీకి వెళ్తే ఒక మనిషి కూలి పోతుంది. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు ఉపాధి హామీ కూలి రోజుకు రూ.307. ఆ లెక్కన రూ.13,000 అంటే 42 రోజుల కూలి. కాలేజీ నడిచేది రెండు వందల రోజులకు పైనే. కర్నూలు జిల్లాలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లు పత్తి తీతలకూ మిరప కోతలకూ గుంటూరు, పల్నాడు దారి పడతాయి. మిరప కోతల ఊపు జనవరి తర్వాతే. ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలూ ఫిబ్రవరి, మార్చిల్లోనే. జూన్‌లో పడిన డబ్బు ఖరీఫ్ విత్తనాలకో పాత బాకీకో ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. సరిగ్గా పిల్లను కాలేజీలో ఉంచాల్సిన నెలల్లో ఆ ఇంట్లో ప్రభుత్వం ఇచ్చిన రూపాయి ఒక్కటీ మిగలదు.

మొత్తం ఎంత అన్నదాని కన్నా ఎప్పుడు ఇస్తున్నామన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. కొలంబియా రాజధాని బొగోటాలో 2005లో చేసిన ప్రయోగం దీన్ని నేరుగా పరీక్షించింది. కొన్ని కుటుంబాలకు హాజరును బట్టి నెలకు 30,000 పెసోలు ఇచ్చారు. మరికొన్నింటికి నెలకు 20,000 మాత్రమే ఇచ్చి, తగ్గించిన సొమ్మును కూడబెట్టి, పిల్లలు మరుసటి ఏడాదికి పేరు నమోదు చేసుకునే సమయంలో ఒకేసారి ఇచ్చారు. హాజరు రెండు పద్ధతుల్లోనూ పెరిగింది. పై తరగతికి వెళ్లి చేరినవాళ్లు మాత్రం రెండో పద్ధతిలో ఎక్కువ. ఖర్చు పెంచకుండా, కేవలం తేదీ మార్చి సాధించిన ఫలితమిది. పిల్లల్ని బడికి పంపే పేద కుటుంబాలకు డబ్బిచ్చేందుకు మెక్సికో 1997లో మొదలుపెట్టిన ‘ప్రోగ్రెసా’ మరో మెట్టు చూపింది. తరగతి పెరిగేకొద్దీ సొమ్ము పెంచింది, మాధ్యమిక స్థాయిలో అమ్మాయిలకు అబ్బాయిల కన్నా ఎక్కువ ఇచ్చింది.

కాబట్టి ఇంటర్ రెండేళ్లకూ ఏటా రూ.20,000 ఇవ్వాలి, అదీ మూడు భాగాలుగా. కాలేజీలో చేరిన వారంలోపు రూ.8,000. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, నెల హాజరు 75 శాతం ఉంటే నెలకు రూ.1,000. పరీక్షలు రాశాక రూ.6,000. ఇప్పుడూ 75 శాతం హాజరు నిబంధన ఉంది కానీ ఏడాదికి ఒక్కసారి పడే డబ్బుకు నవంబర్‌లో మానేసిన పిల్లను వెనక్కి తెచ్చే శక్తి లేదు. నవంబర్ డబ్బు డిసెంబర్‌లో ఆగితే తల్లికి అప్పుడే తెలుస్తుంది, లెక్చరర్‌కూ తెలుస్తుంది.

డబ్బెక్కడిదంటారా? ప్రతి విద్యార్థికీ ప్రకటించిన రూ.15,000లో రూ.2,000 నిర్వహణ, పారిశుద్ధ్యం పేరిట మినహాయిస్తున్నారు. 67.27 లక్షల మందికి అది రూ.1,345 కోట్లు. ఇంటర్ రెండేళ్లూ కలిపి పరీక్షలకు నమోదయ్యేది సుమారు పదిన్నర లక్షల మంది. వాళ్లందరికీ ఏడు వేలు అదనంగా ఇచ్చినా రూ.750 కోట్లు దాటదు. బడి మరుగుదొడ్లు శుభ్రంగా ఉంచాల్సిందే. ఆ ఖర్చు బడుల బడ్జెట్‌లో చూపించాలి, తల్లి ఖాతాలో కోసి కాదు. ప్రైవేటు కాలేజీలో చదివే పిల్ల తల్లి నుంచి కూడా ఆ రెండు వేలు కోయడానికి ఏ సమర్థనా లేదు.

పునాది తరగతులే ముఖ్యమనీ, ఇంటర్‌కు ఎక్కువ ఇస్తే కార్పొరేట్ కాలేజీలు ఫీజు పెంచి మింగేస్తాయనీ అనేవాళ్లున్నారు. పునాదికి కావాల్సింది చదువు చెప్పే టీచర్. ఒకటో తరగతిలో చేరిక సమస్య దాదాపు తీరిపోయింది కాబట్టి అక్కడ ఇచ్చే సొమ్ము ఇంటికి ఆసరాగా నిలుస్తుంది, దాన్ని తగ్గించమని అడగడం లేదు. ఫీజుల భయానికి జవాబు వాయిదాలే. జూన్‌లో ఒకేసారి పడే పదమూడు వేలు నేరుగా ఫీజు కౌంటర్‌కు వెళ్తాయి. డిసెంబర్‌లో పడే వెయ్యి రూపాయలు షేర్ ఆటోకూ మధ్యాహ్నం తిండికీ వెళ్తాయి. 2025 జనవరిలో 475 ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజనం మొదలవడం ఈ దిశలో పడిన సరైన అడుగు.

ఇంకో చిక్కు పదహారేళ్ల దగ్గరే ముడిపడుతుంది. పది దాటగానే పిల్లల వివరాలు పాఠశాల విద్యాశాఖ నుంచి ఇంటర్ బోర్డుకు మారాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే అక్కడే ఆగిపోతుంది. తల్లికి రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే, ఆధార్‌ను బ్యాంకు ఖాతాతో కలిపే ఎన్‌పీసీఐ మ్యాపింగ్ చివరిగా ఏ ఖాతాకు జరిగిందో దానికే డబ్బు వెళ్తుంది. ఏళ్ల తరబడి వాడని ఖాతా అయితే, పడలేదనే అనుకుంటారు. ఎస్సీ విద్యార్థులకు ఇబ్బంది రెట్టింపు. తొమ్మిది, పది, ఇంటర్‌లలో స్కాలర్‌షిప్ కింద కేంద్రం ఇచ్చే 60 శాతం వాటా విద్యార్థి ఖాతాకూ, పథకం సొమ్ములో మిగతాది తల్లి ఖాతాకూ వెళ్తుంది. అంటే రెండు ఖాతాలకూ విడివిడిగా ఆధార్ సీడింగ్ చేయించుకోవాలి. నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు వాడే ఇంటికి డబ్బు రాదన్న నిబంధనలో మరో తంటా: ఇంటి యజమాని మీటర్లు గానీ, ఉమ్మడి కుటుంబం మీటర్లు గానీ ఒకే ఆధార్‌కు ముడిపడి ఉంటే యూనిట్లన్నీ కలిపి లెక్కేసి అనర్హులంటారు. అలాంటప్పుడు గ్రామ, వార్డు సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌కు అర్జీ ఇస్తే సరిపోదు. ముందు విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో ఆ సర్వీసు నంబర్ నుంచి తమ ఆధార్‌ను తీయించుకోవాలి. ఈ పనులన్నీ మే నెలలోనే చూసుకోవాలని తల్లికి చెప్పే బాధ్యత ఇప్పుడు ఎవరిదీ కాదు.

అసలు పదో తరగతి అయ్యాక మీ పిల్ల చదువుతోందా అని అడిగేవాళ్లే లేరు. బ్రిటన్‌లో చైల్డ్ బెనిఫిట్ పదహారు నిండాక వచ్చే ఆగస్టు 31తో ఆగిపోతుంది. చదువు కొనసాగుతోందని తల్లిదండ్రులు చెబితే ఇరవై ఏళ్ల లోపు దాకా ఇస్తారు. దానివల్ల ప్రతి ఇంటినీ ప్రభుత్వం ఆ వయసులో ఒకసారి ప్రశ్నిస్తుంది. ఇక్కడ ఇంటర్‌లో చేరని పిల్ల పేరు జాబితాలోంచి చప్పుడు లేకుండా రాలిపోతుంది. పదిలో డబ్బు అందుకున్నవారి జాబితా, ఇంటర్‌లో చేరినవారి జాబితా రెండూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. ఒకదాంట్లోంచి రెండోది తీసేస్తే, ఐటీఐకో పాలిటెక్నిక్‌కో వెళ్లినవాళ్లు పోను, మానేసిన పిల్లల పేర్లు సచివాలయాల వారీగా జూలైలోనే తేలతాయి.

ఈ నిర్లక్ష్యం ఒక్క పథకానిది కాదు, చట్టాలదే. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్లకే వర్తిస్తుంది. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 నుంచి 18 ఏళ్లవారిని ప్రమాదకరమైన పనుల్లో మాత్రమే నిషేధించింది. అంటే పద్నాలుగు దాటిన పిల్లకు చదువు హక్కు ఉండదు, పని తలుపు తెరిచి ఉంటుంది. 18 ఏళ్ల దాకా అందరికీ చదువన్న 2020 జాతీయ విద్యావిధానం మాట చట్టంగా మారలేదు. ఆ ఖాళీలోకి వచ్చేది పెళ్లి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం.

తెలంగాణ ‘కళ్యాణలక్ష్మి’ కింద పద్దెనిమిది నిండిన పెళ్లికూతురి ఇంటికి రూ.1,00,116 ఇస్తోంది. గురుకులాలూ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లూ ఉన్నా, పదహారేళ్ల పిల్లను కాలేజీకి పంపినందుకు తల్లి ఖాతాలో పడేది ఏమీ లేదు. పశ్చిమ బెంగాల్ ‘కన్యాశ్రీ’ 2013 నుంచి పెళ్లి కాకుండా చదువులో ఉన్న అమ్మాయికి ఏటా కొంత, పద్దెనిమిది నిండాక రూ.25,000 ఇస్తోంది. తెలంగాణ కూడా ఆ లక్షలో నలభై వేలను ఇంటర్ రెండేళ్ల హాజరుకు ముడిపెట్టి ముందే తల్లికి ఇవ్వాలి. మిగతా అరవై వేలు ఆ అమ్మాయి ఖాతాలోనే వేయాలి, డిగ్రీకైనా పెళ్లికైనా తనే నిర్ణయించుకునేలా.