సీట్లు పెరిగాయి సరే, ల్యాబ్‌లో మనిషేడీ?

(ఇంజనీరింగ్ సీట్లను ఇంతగా పెంచడం తెలుగు నేలకు మేలు చేసిందా అన్నది వాదన. ఒకరు మెకానికల్ బోధించి రిటైరైన మాస్టారు. మరొకరు ఆయన దగ్గరే చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న శిష్యురాలు.)

మాస్టారు: 1959లో వరంగల్ ఆర్ఈసీకి, అదే ఇప్పటి ఎన్ఐటీకి, నెహ్రూ శంకుస్థాపన చేసేనాటికి మన కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఒక పక్క నాగార్జున సాగర్ కడుతున్నారు, ఇంజనీర్లు కావాలి, అందుకని కాలేజీలు పెట్టారు. తర్వాత సమైక్య రాష్ట్రంలో ఒక దశలో 700 దాటాయి. అన్నిటికీ పాఠం చెప్పేవాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారమ్మా? నిన్న బీటెక్ పాసైన కుర్రాడే ఇవాళ లెక్చరరు.

శిష్యురాలు: ఆ కాలంలో మా ఇంట్లోంచి ఒక్కరైనా ఇంజనీరింగ్ కాలేజీ గేటు దాటారా మాస్టారూ? మా అమ్మ బట్టలు కుట్టేది. ప్రభుత్వం ఫీజు కట్టబట్టి చదివాను. కాలేజీ బస్సు మా ఊరి సెంటర్‌కే వచ్చేది కాబట్టి మా నాన్న సరేనన్నారు, హాస్టలంటే ససేమిరా పంపేవారు కాదు. 1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత వచ్చిన ఉద్యోగాలకు మనుషుల్ని ఇచ్చింది పెద్ద కాలేజీలొక్కటేనా? మా కాలేజీలాంటి వాటిలో చదివినవాళ్లే ఎక్కువ.

మాస్టారు: ఉద్యోగం ఇచ్చిన కంపెనీ నీకు ముందు ఏం చేసింది?

శిష్యురాలు: నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చింది.

మాస్టారు: నాలుగేళ్లు మేం చేయాల్సిన పని అది. వర్క్‌షాప్‌లో వి-ఫిట్టింగ్ జాబ్, అదే రెండు ఇనుప ముక్కలు 'V' ఆకారంలో ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా చేసే పని, గుర్తుందా? ఇనుప ముక్కను ఆకురాయితో రాసి, మూలమట్టం చూసే ట్రైస్క్వేర్ ఆనించి వెలుతురుకేసి ఎత్తి చూడాలి. సందులోంచి వెలుగు కనిపిస్తే మళ్లీ రాయాలి. ఆ రాయడంలోనే కొలత చేతికి వస్తుంది. నా సర్వీసు చివరికొచ్చేసరికి ఏమైంది? సీనియర్ల ముక్కలే కాస్త పాలిష్ పెట్టి చూపించేవారు. టెస్టింగ్ మెషిన్ మీద ఇనుప కడ్డీ సాగి, నడుం సన్నబడి ఢామ్మని తెగుతుంది చూడు, అది ఒక్కసారైనా కళ్లారా చూడకుండా పాత రికార్డులోంచి రీడింగులు దించుకుని పాసైనవాళ్లు ఎంతమంది! ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం అన్ని మెషిన్లూ తళతళలాడేవి. నాకు కోపం పిల్లల మీద కాదమ్మా.

శిష్యురాలు: నాకూ ఆ కోపం ఉంది. మా బ్యాచ్‌లో సగం మంది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నారు. కాలేజీకి తెలుసు, ఎవరూ అడగలేదు. అయితే ఇది సీట్ల తప్పెలా అవుతుంది? సీటుకింత అని ప్రభుత్వం నుంచి ఫీజు డబ్బు వస్తుంది, ల్యాబ్ ఎంత బాగా నడిచిందన్నదాన్ని బట్టి కాదు. అదీ ఏళ్ల తరబడి బకాయి పడుతుంది. అప్పుడు యాజమాన్యం ముందు కోసేది లెక్చరర్ల జీతాలనే.

మాస్టారు: మరి 2020లో కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ కొత్త కాలేజీలు ఆపితే మంచిదేగా? 2023లో మళ్లీ తలుపు తీశారు. 2024–25 నుంచి బాగా నడిచే కాలేజీల్లో సీట్ల పరిమితే ఎత్తేశారు. ఎవరు లాభపడ్డారు? కంప్యూటర్ సైన్స్. సివిల్, మెకానికల్ సీట్లు వదులుకుని సీఎస్ఈ పెంచుకుంటున్నారు. రేపు వంతెనలకు లెక్కలెవరు కడతారు?

శిష్యురాలు: సివిల్ చదివి సైటు మీద ఎండలో నిలబడ్డ మా తమ్ముడి జీతం చూసి చెప్పండి. పిల్లలు బ్రాంచి ఎంచుకునేది జీతం చూసి. దాన్ని సీట్ల కోతతో సరిచేయలేరు. కాంట్రాక్టులో ఇంజనీరు జీతం ఇంతకు తగ్గకూడదని ప్రభుత్వమే రాయాలి.

మాస్టారు: రాయనీ. మరి చెడ్డ కాలేజీలు మూయొద్దంటావా?

శిష్యురాలు: మూసిన రోజున ఆ బస్సు కూడా ఆగిపోతుంది. నాలాంటి ఆడపిల్లకు వెంటనే పెళ్లి సంబంధాలు చూస్తారు. అందుకే మూయొద్దంటున్నాను. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో ఇనుము తిప్పి చెక్కే లేత్ మెషిన్లున్నాయి. శని, ఆదివారాలు చుట్టుపక్కల కాలేజీల పిల్లలకు ఇవ్వండి. ప్రాక్టికల్ పరీక్ష అక్కడే పెట్టండి, సొంత కాలేజీ మార్కులు వేయకుండా.

మాస్టారు: అది ఒప్పుకుంటాను. కానీ లేత్ నడిపించే ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు భర్తీ చేశాకే. మనిషి లేని వర్క్‌షాప్‌లోకి పిల్లల్ని పంపితే వేళ్లు పోతాయి.

శిష్యురాలు: అయితే ముందు ఆ పోస్టుల గురించే అడుగుదాం మాస్టారూ. అర్జీ నేను రాస్తాను, సంతకం మీరు పెట్టండి.