జీటీ-ఆర్‌కు ‘గంటలో వెయ్యి హార్స్‌పవర్’: ఆ ఫార్వర్డ్‌లో ఎంత నిజం?

కార్ల పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. దాని సారాంశం ఇది: ‘నిస్సాన్ జీటీ-ఆర్‌ను కంపెనీ కావాలనే 570 హార్స్‌పవర్ దగ్గర తొక్కిపెట్టింది. ఒక ట్యూనర్ (బండి పవర్ పెంచిపెట్టే మెకానిక్) లాప్‌టాప్ తగిలించి గంటలో వెయ్యి చేశాడు. కంపెనీ ఇంజనీర్లకు చేతకానిది గ్యారేజీ కుర్రాడు చేసి చూపించాడు. ఆ కుళ్లుతోనే వారంటీ పీకేస్తారు.’

వెయ్యి హార్స్‌పవర్ జీటీ-ఆర్‌లు ఉన్న మాట నిజం. తేడా అంతా మిగతా మాటల్లోనే ఉంది.

ముందుగా ఆ ‘తొక్కిపెట్టడం’ సంగతి. ఇది అసలు ఈ కారు కథే కాదు. ఏ కారుకూ 280కి మించి పవర్ ప్రకటించకూడదని జపాన్ కంపెనీలు 1989 నుంచి 2004 దాకా తమలో తాము ఒక మాట అనుకున్నాయి. పాత ఆర్34 జీటీ-ఆర్ కాగితం మీద 280 అనే ఉండేది, పవర్ కొలిచే డైనో యంత్రం ఎక్కిస్తే అంతకు మించి వచ్చేది. అప్పటి ట్యూనర్లు ‘దాచిన పవర్ బయటికి తీశాం’ అంటే ఒప్పుకోవచ్చు. ఫార్వర్డ్‌లో చెప్పిన జీటీ-ఆర్, అంటే ఆర్35 తరం, అమ్మకానికి వచ్చింది 2007 డిసెంబరులో. అప్పటికి ఆ ఒప్పందమే లేదు. తాత మీది కథను మనవడికి అంటగట్టారు.

పైగా నిస్సాన్ 480తో మొదలుపెట్టి 530, 550, 570 అంటూ తనే పెంచుకుంటూ పోయింది. తన రేసింగ్ విభాగం పేరుతో తెచ్చిన నిస్మో మోడల్‌కు 600 ఇచ్చింది. ఇటలీ డిజైన్ సంస్థ ఇటల్‌డిజైన్‌తో కలిసి చేసిన జీటీ-ఆర్50కి 720. చేతకాదన్న మాట కూడా ఇక్కడితో సరి.

ఇక ఆ లాప్‌టాప్. సాఫ్ట్‌వేర్ మారిస్తే టర్బో ఇంజన్‌కు పవర్ పెరుగుతుంది, కాదనను. కానీ వెయ్యి దాకా వెళ్లాలంటే గాలీ పెట్రోలూ అదే లెక్కన పెరగాలి. అంటే పెద్ద టర్బోలు, పెద్ద ఇంజెక్టర్లు, కొత్త ఫ్యూయల్ పంపులు, పెద్ద ఇంటర్‌కూలర్ కావాలి. ఆ దెబ్బకు స్టాక్ కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి కాబట్టి ఇంజన్ దించి ఫోర్జ్‌డ్ రాడ్లు, పిస్టన్లు వేస్తారు. గేర్‌బాక్స్‌లో క్లచ్‌లు మారుస్తారు. ఈ ఇంజన్‌ను యొకొహామాలో ‘తకుమి’ అనే నిపుణుడు ఒక్కడే మొదటి నుంచి చివరి దాకా చేత్తో బిగించేవాడు, దాని మీద ఆయన పేరున్న చిన్న రేకు ఉంటుంది. వెయ్యి హార్స్‌పవర్ బండిలో ఆయన బిగించిన వాటిలో సగం ఉండవు, రేకు మాత్రం ఉంటుంది.

ఉత్త రీమ్యాప్, అంటే సాఫ్ట్‌వేర్ మార్పు ఒక్కటే, ఏం చేస్తుందో నాకు సొంత డబ్బుతో తెలిసొచ్చింది. నా డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌కు చేయించాను. మొదటి నెల స్వర్గం. తర్వాత ఒకరోజు ఔటర్ రింగ్ రోడ్డు మీద అయిదో గేర్‌లో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు గబగబా పైకెళ్లింది, స్పీడు ముల్లు ఉన్నచోటే ఉంది. కాలిన వాసన. అదనపు టార్క్‌ను, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, క్లచ్ పట్టలేకపోయింది. డైనో షీట్ ఇప్పటికీ నా దగ్గరుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది. ముందు పెద్ద ఫ్యాన్, రోలర్ల మీద కట్టేసిన బండి, కొన్ని సెకన్ల పరుగు. కంపెనీ ఇచ్చే అంకె అలాంటిది కాదు. ఎండలో, చలిలో, ఏ బంకు పెట్రోలుతోనైనా, ఎవడు నడిపినా, అమ్మిన ప్రతి బండికీ అది నిలబడాలి.

వారంటీ కుళ్లు అన్నది వట్టి మాట. అమెరికాలో మొదటి జీటీ-ఆర్‌లకు పవర్ 480 దగ్గర ఉన్నప్పుడే, బండి జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఆపేసి, నిలబడ్డచోటు నుంచి ఒక్కసారిగా దూసుకెళ్లే లాంచ్ స్టార్ట్‌లు కొట్టినవాళ్ల గేర్‌బాక్స్‌లు పోయి పెద్ద గొడవైంది. ఆ తర్వాత నిస్సాన్ లాంచ్ ప్రోగ్రామే మార్చేసింది. దానికి రెట్టింపు పవర్ పెట్టుకున్న బండికి గ్యారంటీ ఎవరిస్తారు?

ట్యూనర్లు కంపెనీ కారును మెరుగు చేయలేరని నేననడం లేదు. పోర్షే 911 జీటీ2 ఆర్ఎస్ 2017లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌లో 20.6 కిలోమీటర్లు 6 నిమిషాల 47.3 సెకన్లలో తిరిగింది. 2021లో మాంటై రేసింగ్ అనే ట్యూనింగ్ సంస్థ కిట్‌తో అదే మోడల్, 20.8 కిలోమీటర్ల పూర్తి చుట్టును 6:43.3లో ముగించింది. దూరం పెరిగింది, టైమ్ తగ్గింది. టైర్ల పుణ్యమూ కొంత ఉంది. మిగతాదంతా సస్పెన్షన్, రెక్కలు, వెనక చక్రాలకు బిగించిన డిస్కుల లాంటి మూతలు. ఆ మాంటైలో పోర్షే 2013లోనే 51 శాతం వాటా కొనేసింది. కిట్‌ను తన డీలర్ల ద్వారానే అమ్మింది. పవర్ మాత్రం ముందూ 700, తర్వాతా 700.