సైటు మీద ఆమెకు చోటేది?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది: ‘ఆడపిల్లకు సివిల్, మెకానికల్ ఎందుకు? సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) పెట్టండి, ఏసీలో కూర్చుని చేసుకుంటుంది.’ అలా ఆప్షన్లు పెట్టే దగ్గరే ఎందరో అమ్మాయిలు సగం ఇంజినీరింగ్‌ను వదిలేసుకుంటున్నారు. మన ప్రవేశాల్లో మూడో వంతు సీట్లు వారికి రిజర్వు. ఐఐటీలు కూడా 2018 నుంచి అదనపు సీట్లు ఇస్తున్నాయి. సీటు సంగతి కొంతవరకు కుదిరింది. ఉద్యోగం దగ్గరే కుదరడం లేదు. తల్లిదండ్రుల భయాన్ని తప్పుపట్టలేం, దానికి కారణాలు నిర్మాణ సైటు మీద కళ్ల ముందే ఉన్నాయి.

సైటు పని ఆడవాళ్ల వల్ల కాదనే వాదన మాత్రం పచ్చి అబద్ధం. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి, తట్టలతో ఇసుక, కంకర మోసిన ఆడకూలీలు లేకుండా ఈ నగరాల్లో ఎన్ని భవనాలు లేచాయి? మండుటెండలో తట్ట మోయడానికి పనికొచ్చే మనిషి, అదే ఎండలో లెవెల్స్ చూడటానికి, స్టీల్ కట్టింది సరిగ్గా ఉందో లేదో తనిఖీ చేయడానికి పనికిరాదా? కూలీ ఆడమనిషి ఇబ్బందిని ఏనాడూ పట్టించుకోలేదు కాబట్టే ఈ రోజు ఇంజినీరమ్మకూ అక్కడ వసతి లేదు.

పొద్దున ఎనిమిదింటికి సైటుకు చేరే జూనియర్ ఇంజినీరు మధ్యాహ్నం దాకా నీళ్లు తాగదు. తాగితే వెళ్లడానికి మరుగుదొడ్డి ఉండదు. ఉన్న ఒక్కటీ మగవాళ్లది, దానికి గడియ ఉండదు. కొన్నాళ్లకు మూత్రకోశ ఇన్‌ఫెక్షన్, ఆపైన సెలవులు, ఆపైన ‘అమ్మాయిలతో ఇదే గొడవ’ అన్న మాట. ఇచ్చిన సేఫ్టీ షూ మగవాళ్ల సైజు. స్లాబు వేసిన రోజు పని రాత్రి పది దాటుతుంది, ఇంటికి చేర్చే బండి ఉండదు. ఆ టెన్షన్ ఆమెది, ఇంట్లోవాళ్లది కూడా. లైంగిక వేధింపులపై ఫిర్యాదు తీసుకోవాల్సిన కమిటీ ఎక్కడో హెడ్ ఆఫీసులో ఉంటుంది. వేధించినవాడేమో సబ్ కాంట్రాక్టరు మనిషి.

అయ్యలసోమయాజుల లలిత సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పద్దెనిమిదేళ్లకే భర్త పోయి, చేతిలో పసిబిడ్డతో మిగిలిన తెలుగింటి ఆడపడుచు 1940లో మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరి ఎలక్ట్రికల్ ఇంజినీరయ్యారు. భాక్రా నంగల్ ఆనకట్ట పనుల్లోనూ పాలుపంచుకున్నారు. బిడ్డను చూసుకోవడానికి పుట్టింటివాళ్లు అండగా నిలవబట్టే ఆ ఉద్యోగం సాగింది. అలాంటి పుట్టిల్లు అందరికీ ఉండదు. మన ప్రకాశం జిల్లా ఆడపడుచు, బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ మాధవీలత జమ్మూకశ్మీర్‌లోని చినాబ్ రైలు వంతెన కొండవాలు పటిష్ఠతపై పదిహేడేళ్లు పనిచేశారు. 2025 జూన్‌లో ఆ వంతెన ప్రారంభమైనప్పుడు ఊరూరా పొంగిపోయాం. అంతకాలం ఒకే పనిలో కొనసాగే వీలు ఎంతమంది ఆడవాళ్లకు దక్కుతోందో కూడా అప్పుడే అడగాల్సింది.

2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది, మంచిదే. కానీ ఈఎస్‌ఐ పరిధిలో లేనివారి విషయంలో ఆ జీతం భారమంతా యజమానిదే కావడంతో, పెళ్లయిన అమ్మాయిని తీసుకోవడానికి చిన్న కంపెనీలు వెనకాడుతున్నాయి. ప్రైవేటులో తండ్రికి సెలవు ఇవ్వాలన్న చట్టమే లేదు. ఈ ఖర్చులో ప్రభుత్వం వాటా తీసుకోవాలి, తండ్రికీ సెలవు తప్పనిసరి చేయాలి. ఇక సర్కారు శాఖల్లో ‘పాపం, ఆడపిల్ల’ అని ఏఈఈని (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరును) ఫీల్డుకు కాక ఆఫీసు సీటుకు పంపే అలవాటు మానాలి. ఫీల్డు అనుభవం లేదన్న మాట రేపు పెద్ద బాధ్యత ఇచ్చేటప్పుడు అడ్డు వస్తుంది.

యాభై మందికి మించి ఆడకూలీలున్న చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని, 2025లో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టమే చెప్పింది. మరుగుదొడ్ల మాటా అందులో ఉండేది. అమలుకు మేం కోరేది ఒక్కటే. ఆడవాళ్లకు విడి మరుగుదొడ్డి, పిల్లల గది, రాత్రి పూట బండి, ఈ మూడింటినీ ఎస్టిమేట్‌లోనే విడి ఐటెమ్‌లుగా చేర్చాలి. ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) వాటి కొలత, నమోదు లేనిదే కాంట్రాక్టరు బిల్లు పాస్ కాకూడదు. కూలీకైనా ఇంజినీరుకైనా అవే వసతులు. అమరావతి పనులకు, హైదరాబాద్ మెట్రో విస్తరణకు ఇకపై పిలిచే ప్రతి టెండరులో ఈ షరతు పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు.